రక్తపు జాడ పట్టే కుక్క

నా చిన్నప్పుడు తిరుపతిలో, మా నాయన ఇత్తడి పాత్రల అంగడిలో కూర్చుని నేర్చుకున్న బేరం, ఈ ముసలితనంలో హంగేరీ దాకా పనికొస్తుందని ఎవరనుకున్నారు? మొన్న ఆ దేశంలో అడవి పంది వేటకు మాట్లాడుకున్నాను. నా జీవితంలో అదే మొదటి వేట. వేట ఏర్పాటు చేసేవాళ్లిచ్చిన ఖర్చుల చీటీలోంచి ఒక కుక్కను తీసేయించి ధర దింపించాను. ఇంతకన్నా తెలివితక్కువ బేరం మా బజారులో ఎవరూ చేసి ఉండరు. ఆ ఘనత నాదే.

అక్కడ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి అల్లుడు ఏర్పాట్లన్నీ చూశాడు. బస, అతిథి లైసెన్సు, అద్దె తుపాకి, మంచె, పక్కన ఉండే వేటగాడు. అన్నిటికీ తలూపాను. కుక్క దగ్గర ఆగాను. దెబ్బ తిని పారిపోయిన పందిని రక్తపు వాసన పట్టి వెతికే కుక్కట. దానికీ, దాన్ని నడిపించే మనిషికీ వేరే ధర.

"గురి తప్పితేనే గదప్పా కుక్కతో పని? నేను తప్పను. తీసేయమను."

"మామా, నువ్వు తుపాకి పట్టిందే లేదు గదా!"

"తూకం ఎప్పుడన్నా తప్పినానా? గురీ అంతే."

అతను నవ్వి ఫోను పెట్టేశాడు. ఆ సాయంత్రం అంగడి షట్టరు సగం దించి, నా తెలివికి నేనే మురిసిపోతుంటే ఒక ఊపిరి వినిపించింది. బుస్సుమని, మధ్యలో తడిగా ఆగి, మళ్లీ బుస్సుమని. కొండ దిగొచ్చిన బస్సు గాలి వదిలిన చప్పుడే అయ్యుంటుంది. కానీ ఆ ఊపిరి నాకు తెలుసు.

మా తాతయ్యది సత్యవేడు దగ్గర పల్లె. చెనక్కాయ చేనును పందులు ఒక్క రాత్రిలో దున్నేసేవి. పంట కాపలాకు ఆయన దగ్గర లైసెన్సు తుపాకి ఉండేది. సెలవులకు వెళ్లిన నేను ఒక పొద్దుగుంకే వేళ మంచె మీద ఆయన పక్కనున్నాను. తుపాకి పేలింది. పంది కూలబడి, లేచి, ముళ్లకంపల్లోకి పోయింది. నేను చప్పట్లు కొట్టాను. తాతయ్య మాత్రం తల పట్టుకున్నాడు.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. దెబ్బ వేసినవాడు ఆ జంతువు చచ్చిందని కళ్లారా చూసేదాకా ఉడికిన కూడు ముట్టకూడదు. తెల్లవారగానే బయల్దేరాం. ఆకుల మీద రక్తం ఎండి నల్లబడింది. ఒక కంప దగ్గర లోపలి నుంచి ఆ ఊపిరి వినిపించింది. తాతయ్య నన్ను వెనక్కి నెట్టి తుపాకి ఎత్తేలోగా అది అవతలి వైపు లేచిపోయింది. వంక దాటాక జాడ తెగిపోయింది. పొద్దు వాలేదాకా తిరిగాం.

"పోనీలే తాతా. చేను మిగిలింది గదా, మనకదే లాభం" అన్నాను. అంగడి బిడ్డను మరి.

"సేను మిగిలిందిరా. అది యాడ పడి ఉండాదో, ఎంత నొస్తా ఉండాదో!"

ఆ మాటకు నాకు సిగ్గేసింది. మంచె మీద నేనూ ఉన్నాను గనక నేనూ వేటగాడినే, నేనూ తిననని మొండికేశాను. మా అవ్వ బతిమాలింది, తర్వాత తిట్టింది. మరునాడు మధ్యాహ్నానికి నాకు కళ్లు తిరిగాయి. అడవిలో మళ్లీ వెతకడానికి వెళ్లిన తాతయ్య తిరిగొచ్చి, ముందు వంటింట్లోకి వెళ్లి, తర్వాత నా దగ్గర కూర్చుని గుప్పిట తెరిచాడు. పంది కోర.

"దొరికినాదిరా. వంక అవతల, కానుగ సెట్టు కింద. పానం పోయుండాది. ఇంక తిను నాయనా."

కోరను చేతిలోకి తీసుకున్నాను. అంగడిలో పెరిగినవాడికి పాత సరుకేదో కొత్త సరుకేదో తెలియదా? పసుపెక్కిన కోర, పగుల్లో పొగ మసి. వంటింటి దూలానికి దిష్టికని కట్టిన కోర అది. తలెత్తి వంటింటి వైపు చూస్తే ఖాళీ దారం ఇంకా ఊగుతోంది. అయినా సంగటి ముద్ద మీద పడ్డాను.

అవ్వ ఆయనకూ వడ్డించింది. కడుపులో బాగాలేదని తట్ట పక్కకు జరిపి, మళ్లీ వంక వైపు నడిచాడు. నాకోసం అబద్ధం ఆడాడు గానీ తనకోసం ఆడుకోలేదు.

ఎన్నాళ్లు అలా తిరిగాడో, చివరికి ఎవరు బలవంతపెడితే తిన్నాడో నాకు చెప్పలేదు. పంది మాత్రం దొరకలేదని తెలుసు. ఎందుకంటే ఆయన బతికున్నన్నాళ్లూ పొద్దుగుంకే వేళ మాటల మధ్యలో చెయ్యెత్తి, "ఉష్... ఇనండి" అనేవాడు. మాకెవరికీ ఏమీ వినపడేది కాదు. ఆయన పోయాక నాకు వినపడడం మొదలైంది.

ఇక్కడ ఇప్పుడు వేటకని తుపాకి పట్టే వీలు లేదు. హంగేరీ మోజు అందుకే. ఒక్క పందినైనా చివరిదాకా చూస్తే ఆ ఊపిరి ఆగుతుందేమోనని. తీరా చూస్తే, చివరిదాకా తీసుకెళ్లే కుక్కనే కొసరు ఖర్చని కొట్టేయించాను.

ఆ ఊపిరి విన్న మర్నాడు పొద్దున్నే తమ్ముడి అల్లుడికి ఫోను చేశాను.

"కుక్కను మళ్లీ పెట్టించప్పా. దాని మనిషిని గూడా."

"మామా, ఇప్పుడడిగితే వాళ్లు పైసా తగ్గించరు!"

"తగ్గించమని నేనడిగినానా? ఆ పొద్దు దొరక్కపోతే మర్నాడూ వెతకల్ల. ఆ రోజుక్కూడా రాయించు."

"ఒంట్లో బాగుండాదా మామా?" అన్నాడు.

మొత్తం తేలిన లెక్క ఇది. దింపించిన ధర పోయింది. కుక్క చేరింది, మనిషి చేరాడు, ఇంకో రోజు బస చేరింది. వాళ్లు మొదట అడిగినదానికన్నా ఎక్కువే కడుతున్నాను. మా నాయన ఉండి ఉంటే అంగడి తాళాలు లాక్కునేవాడు. బసలో భోజనాలకు కూడా ముందే కట్టేశాను. దెబ్బ తిన్న పంది దొరికేదాకా నేను తినకుండా వదిలేసే పూటల డబ్బు వెనక్కి ఇస్తారా అని మాత్రం అడగలేదు.