సమజ్ కాలే, సార్

నాకు రాయడం రాదు, ముందే చెప్పేస్తున్నాను. నాలుగో తరగతి దాకానే బడికి పోయాను, అదీ సగం రోజులు. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగా తెలియదు. చదువుకున్నవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి. కానీ మొన్న మా మనవరాలు రియా నవ్విన నవ్వుకు జవాబు చెప్పకుండా ఉండలేక కూర్చున్నాను.

ఆ రోజు పొద్దున బొంతను గ్యాలరీ కటకటాల మీద ఎండేశాను. వానాకాలమంతా మూటలో ఉన్న బొంత కదా, విప్పగానే పాత చీరల వాసన, పురుగు పట్టకుండా వేసిన డాంబర్ గోలీల వాసన, చెమ్మ వాసన అన్నీ కలిసి వచ్చాయి. ఆ వాసనతో పాటు మా అవ్వ, అంటే మా అమ్మ, కూడా వచ్చి పక్కన కూర్చున్నట్టే అనిపించింది. లోపల రియా పుస్తకం ముందేసుకుని ఏడుస్తోంది. పదో తరగతి. కోచింగ్ క్లాసు సారు దాని తల్లిని పిలిచి, ఈ పిల్లకు మ్యాథ్స్ ఎక్కదు, ఆశ పెట్టుకోకండి అన్నాడట. నేను పక్కన కూర్చుని, ఆ లెక్కేంటో నాకు చెప్పమన్నాను. ఏడుస్తున్నది కాస్తా నవ్వింది. "ఆజీ, తులా కాయ్ కళ్తే మ్యాథ్స్?" అంది, నీకేం తెలుస్తుంది అని.

ఏమీ తెలియదు. అందుకే చెప్పమన్నాను. నాకు ఏమీ తెలియకపోవడం వల్లే మా చాల్‌లో చాలామంది పదో తరగతి గట్టెక్కారు. ఆ సంగతి దానికి తెలియదు, మీకూ తెలియదు.

మా చాల్ ఫోరస్ రోడ్డు వెనక సందులో ఉంది. ఒక్కో అంతస్తుకు పొడుగాటి గ్యాలరీ, దాని వెంట వరసగా ఖోలీలు, అంటే ఒంటిగది ఇళ్లు, చివర అందరికీ కలిపి ఒక నల్లా. నా చిన్నప్పుడు తెల్లవారక ముందే నల్లా దగ్గర బిందెల చప్పుడు, కిరోసిన్ స్టవ్వుల బుసబుస, కింద బేకరీలోంచి వేడి పావు రొట్టెల వాసన, నాగ్‌పాడా వైపు నుంచి రేకులు కొట్టే సుత్తుల మోత మొదలయ్యేవి, ఆ మోత లేని రోజు చెవులు మూసుకుపోయినట్టు ఉండేది. వానలు పడితే గ్యాలరీ నిండా తడిబట్టలు వేలాడేవి, వాటి కింద నుంచి వంగి వంగి పరుగెత్తుతూ లగోరి, అదే ఏడు పెంకులాట, ఆడేవాళ్లం, బంతి ఎవరి అన్నం గిన్నెలో పడితే వాళ్ల తిట్లు తినేవాళ్లం. బతుకమ్మకు తంగేడు పువ్వు ఇక్కడెక్కడిది, బజారు నుంచి బంతిపూలు తెచ్చి పేర్చేవాళ్లు, బెల్లం కలిపిన మలీద ముద్ద చేతిలో వెచ్చగా ఉండేది, చాల్ ఆడవాళ్లంతా కింద వాకిట్లో గుండ్రంగా తిరుగుతుంటే ముసలాళ్లు గ్యాలరీలోంచి పాట అందించేవాళ్లు. మగవాళ్లందరిదీ కట్టుబడి పనే, మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వాళ్ల తాతలు ఈ మరాఠీ పట్నానికి వచ్చిందీ ఆ పనికే. కామాటిపురా అని మా ఇంటి జాడ చెప్తే, పక్క గల్లీల్లో ఒళ్లమ్ముకునే ఇళ్లున్న పేట అని, బయటివాళ్లు అప్పుడూ ఒక రకంగా నవ్వేవాళ్లు, ఇప్పుడూ నవ్వుతారు. ఆ నవ్వు చూసి నేను తల దించలేదు, దించను.

మా పై అంతస్తులో నర్సయ్య సార్ ఉండేవాడు, అన్నావదినలతో. హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. ముక్కుపొడి డబ్బీ ఎప్పుడూ చేతిలోనే ఉండేది, తన చొక్కా తనే ఉతుక్కుని, ఇస్త్రీ లేకున్నా మడత నలగకుండా తొడిగేవాడు. సాయంత్రం బడి నుంచి వచ్చాక చాల్‌లో తొమ్మిది, పది చదివే పిల్లలందరినీ గ్యాలరీలో కూర్చోబెట్టి చెప్పేవాడు. బోర్డు లేదు. తన ఖోలీ తలుపు రెండు రెక్కలకూ నల్లరంగు పూసి దాని మీదే రాసేవాడు. లోపల వంట చేస్తున్న వదిన గాలి కోసం ఒక రెక్క తీసిందంటే లెక్కలో సగం లోపలికి పోయేది.

"వదినా, జవాబు నీకాడికొచ్చింది, జర బయటికి పంపు" అనేవాడు సార్.

"పొయ్యి మీద ఏసిన మరిదీ, ఉడకనియ్" అనేది ఆమె లోపల్నుంచి.

నాలుగో తరగతి అయ్యాక నా బడి ఆగింది. అవ్వ పనికి పోతే చంటి తమ్ముణ్ని చూసేవాళ్లు లేరు. మా అక్క యాదమ్మ మాత్రం చదువుతూనే ఉంది. నేను తమ్ముణ్ని చంకనేసుకుని ఆ తలుపు దగ్గర స్తంభానికి ఆనుకుని నిలబడేదాన్ని. ఒకరోజు శీను అనే పిల్లాడు తలుపు మీద గబగబా లెక్క చేసేశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. సార్ చప్పట్లు కొట్టలేదు. నా వైపు తిరిగాడు.

"అంజీ, నీకు సమజైందా?"

నాకు భయమేసింది. "సమజ్ కాలే, సార్" అన్నాను, అర్థం కాలేదని.

"ఏం రా శీనూ, పిల్లకు కాలేదట. చెప్పు."

"సార్, దాని బడే బందయింది. దానికేం సమజైతది?"

"దానికి సమజయ్యేటట్టు చెప్తేనే నీకొచ్చినట్టు. లేకుంటే సూత్రం మింగినవ్ గని అరగలే."

ఆ రోజు నుంచి అదే పద్ధతి అయింది. లెక్క చేసినవాళ్లు నాకు చెప్పాలి, నేను అయింది అంటేనే అయినట్టు. సార్ నన్ను పక్కకు పిలిచి, "బిడ్డా, నీ పని ఒక్కటే. కాకుంటే కాలే అను. మొహమాటానికి తలకాయ ఊపినవనుకో, నీతోని మాట్లాడ" అన్నాడు. అంతకుముందు నన్ను ఎవరూ ఏ పనికీ అట్లా నియమించలేదు. నల్లా దగ్గర ఆడవాళ్లు, "ఏమే పంతులమ్మా, ఇయాల ఎవర్ని ఏడిపిచ్చినవ్?" అని ఎగతాళి చేసేవాళ్లు. పిల్లలు నాకు కాలే అంజి అని పేరు పెట్టారు. చిక్కీ ముక్క చేతిలో పెట్టి అయింది అనమనేవాళ్లు, అనకపోతే జడ గుంజుతామనేవాళ్లు. చిక్కీ తినేదాన్ని, కాలే అనేదాన్ని.

నాకు ఆ లెక్కలన్నీ వచ్చాయని చెప్పడం లేదు. చాలావరకు అప్పుడే మరిచిపోయాను. కానీ వినీ వినీ ఒకటి పట్టుబడింది. చెప్పేవాళ్లు ఒకచోటికి రాగానే గొంతు తగ్గించి గబగబా దాటేస్తారు. నేను అక్కడ కాలే అనేదాన్ని. సార్ ముక్కుపొడి డబ్బీ మీద వేలితో కొట్టి, "గాడనే! గాడనే నీ లెక్క కుంటుతున్నది" అనేవాడు. ఆ పిల్లలు మళ్లీ మొదటి నుంచి చెప్తూ చెప్తూ తామే దారి కనుక్కునేవాళ్లు. పిల్లలు మొద్దులై తప్పరని సార్ నమ్మకం. వాళ్లు చెప్తుంటే ఓపిగ్గా వినే మనిషి దొరకక తప్పుతారు అనేవాడు. బడిలో పెద్ద సారు ఒకసారి, కామాటిపురా పిల్లలకు లెక్కలు ఎక్కవు, ఎందుకు మీకీ తిప్పలు అన్నాడట. "నాకెక్కినయ్ కద సార్, నేను గూడ ఆ చాల్ పోరన్నే" అని చెప్పి వచ్చానని నర్సయ్య సార్ గ్యాలరీ అంతా వినబడేట్టు చెప్పాడు.

ఆ ఏడు దీపావళి ముందు పరీక్షలో మా అక్క లెక్కలు తప్పింది. బాపు, అంటే మా నాన్న, మేస్త్రీ, తక్కువ మాటల మనిషి. "ఇంకోపారి లెక్కల్ల తప్పితే బడి బంద్. తట్ట నెత్తికెత్తుకొని నా ఎంబడి రావాలె" అన్నాడు. ఇంకోసారి అంటే పదో తరగతి పెద్ద పరీక్షకు ముందు బడిలో పెట్టే పరీక్ష. అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. దానికి ఎప్పుడూ ఒకేచోట దెబ్బ పడేది. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అనే లెక్క. ఏ స్క్వేర్, బీ స్క్వేర్ రాసి ఊరుకునేది, మధ్యలో రావాల్సిన రెండు ఏబీ మరిచిపోయేది. సార్ దాన్నీ నా మీదికే తోలాడు. "మీ చెల్లెకు చెప్పి రాపో" అన్నాడు.

చలి మొదలయ్యే రోజులు. ఆదివారం మధ్యాహ్నం. సందులో ఇంకా పటాకుల వాసన పోలేదు. అవ్వ ఖోలీ మధ్యలో కూర్చుని పాత చీరలు కత్తిరిస్తోంది, అందరం కలిసి కప్పుకోవడానికి కొత్త బొంత కుట్టాలని. అక్క నాకు చెప్పింది. నేను కాలే అన్నాను. మళ్లీ చెప్పింది. కాలే అన్నాను.

"రెండేబీ యాడికెల్లి వచ్చినయే?" అన్నాను.

"సార్ చెప్పిండు, గందుకే వచ్చినయ్."

"గట్లయితే కాలే."

అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది. తమ్ముడు ఉలిక్కిపడి ఏడ్చాడు. అవ్వ కత్తెర నేలకేసి కొట్టి, "అయిందను, నీ నోరు పడ! దాని బతుకు తట్టల పడ్తది, అయిందనవేమే?" అని అరిచింది. నాకు కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, అయినా అనలేదు. ఎట్లా అంటాను? నాకు బడి లేదు. మా ఇంట్లోకి బడి వచ్చేది అక్క చేతుల్లోనే. అది తెచ్చేదైనా నాకు పూర్తిగా తెచ్చిపెట్టాలి అని నా పంతం. పైగా నేను తల ఊపితే అక్క ఆ పరీక్షకు నా తల ఊపుడు తప్ప ఇంకేమీ తీసుకుపోదు.

అవ్వ ముందు పెద్ద ఎర్రముక్క ఒకటి, చిన్న నీలిముక్క ఒకటి ఉన్నాయి, రెండూ నాలుగు పక్కలా సమానంగా కత్తిరించినవి. నేను కోపంతో ఆ రెండూ లాగి నేల మీద పరిచాను. ఎర్రది ఒక మూల, దాని కొసకు కొస తగిలేట్టు నీలిది ఎదురు మూల.

"గిది నీ ఏ స్క్వేరు, గిది నీ బీ స్క్వేరు. బొంతయిపోయింది కద! ఇంకేం గావాలె నీకు?"

"నా బొంత ముట్టుకోకుర్రి!" అని అవ్వ అరుస్తూనే ఉంది. అక్క మాత్రం నేల వంక చూస్తోంది. నేనూ చూశాను. రెండు ముక్కలకు అటొకటి, ఇటొకటి, రెండుచోట్ల ఉత్త బండలు కనబడుతున్నాయి.

"అక్కా, గీడ బొంత లేదు. గీడ పండుకునేటోళ్లకు సలి పెడ్తది" అన్నాను.

అక్క ఒక్కసారిగా మోకాళ్ల మీద కూర్చుంది. అవ్వ ఒళ్లోంచి బాపు పాత ధోతి లాగి, రెండుగా చించి ఆ ఖాళీలకు సరిపోయేట్టు మడిచి వేసింది. "చూడే, పొడుగు ఎర్రదానంత, ఎడల్పు నీలిదానంత. ఏబీ! గిటు గూడ ఏబీ! రెండేబీ!" అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. అప్పుడు అన్నాను, అయింది అని. అవ్వ ఇద్దరినీ తిట్టుకుంటూ ఆ నాలుగు ముక్కలూ అట్లాగే కలిపి కుట్టింది.

మర్నాడు అక్క తలుపు మీద ఆ బొంత గీసి చెప్తే సార్ ముక్కుపొడి పీల్చడం కూడా మరిచిపోయాడు. అప్పటినుంచి మా చాల్‌లో ఎవరు రెండు ఏబీ మరిచినా సార్ తిట్టే తిట్టు ఒక్కటే. "ఇద్దర్ని సలిల పండవెట్టినవ్ రా!"

అక్క బడి పరీక్షలో లెక్కలు గట్టెక్కింది, పెద్ద పరీక్షలోనూ గట్టెక్కింది. ఇంగ్లిషులో తప్పింది. బాపు, "గీ ఇంగ్లిషుకు ఏం బొంత గుట్టాలె?" అని అవ్వను అడిగాడు. తట్ట మాట మళ్లీ ఎత్తలేదు. అక్క మళ్లీ రాసి పాసయింది. తర్వాత చాలా ఏళ్లు కళ్యాణ్‌లో తన ఇంట్లోనే పిల్లలకు లెక్కలు చెప్పింది, ఇంటి పనికి వచ్చే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని.

ఇప్పుడు సార్ లేడు. ఆ నల్లతలుపు తీసేసి ఇనుప తలుపు పెట్టారు. తెలుగు మీడియం బడి మూతపడింది, బేకరీ పోయింది, గ్యాలరీలో పిల్లలు మరాఠీలోనో హిందీలోనో ఆడుకుంటారు, ఆడుకోవడం కూడా తక్కువే, అందరి చేతుల్లో ఫోన్లే. ఈ చాల్ కూడా కూలగొట్టి పెద్ద బిల్డింగు కడతారంటున్నారు. బొంత మాత్రం ఉంది. ఎర్రది గులాబీ రంగులోకి, నీలిది బూడిద రంగులోకి దిగాయి, ధోతి ముక్కల మీద అవ్వ కుట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

రియా తన లెక్క ఫోన్ వీడియోలో ఒక సారు బాగా చెప్పాడంది. వీడియోలో ఆయన నిన్ను అడిగాడా, సమజైందా అని, అన్నాను నేను. అడగలేదంది. అయితే నాకు చెప్పు అన్నాను. సగం హిందీలో, సగం మరాఠీలో చెప్పింది. ఒకచోట గొంతు తగ్గించి గబగబా దాటేసింది. ఆ గొంతు నాకు తెలుసు. కాలే అన్నాను. పుస్తకం విసిరేసి గ్యాలరీలోకి పోయింది. ఎండలో ఉన్న బొంత మీద తల పెట్టుకుని కాసేపు నిలబడి తిరిగి వచ్చింది. మళ్లీ చెప్పింది. కాలే. రోజూ సాయంత్రం ఇదే నడుస్తోంది. ఈ పిల్లకు లెక్కలు ఎక్కవు అనే మాట నేను చిన్నప్పుడే విన్నాను, అప్పుడు ఎవరు అన్నారో, ఏమైందో కూడా చూశాను. ఆ కోచింగ్ సారు తొందరపడ్డాడు. మాకేం తొందర లేదు.

నా రాతలో ఒత్తులు, దీర్ఘాలు తప్పి ఉంటాయి, పెద్ద మనసుతో మన్నించండి. కానీ చదివినదాంట్లో ఎక్కడైనా అర్థం కాకపోతే మాత్రం మన్నించొద్దు. మొహమాటానికి తలకాయ ఊపి పేజీ తిప్పేయొద్దు. కాలే అనండి. మళ్లీ మొదటి నుంచి చెప్తాను.