తాటాకులో చుట్టిన ప్రసాదం

ఆ రోజుల్లో కాగితం మీదికి ఎక్కని పని నాకు పని కిందే లెక్క కాదు. బహ్రెయిన్‌లోని హిద్‌లో, ఓడలు బాగుచేసే యార్డులో వెల్డింగ్ అతుకులు పరీక్షించే ఉద్యోగం నాది. అతుకు దగ్గర నిలబడడం, కొలవడం, చెక్‌లిస్టులో టిక్కు పెట్టడం, పక్క అతుకు దగ్గరికి జరగడం. పగలంతా ఇలా గడిపిన మనిషి గదికి రాగానే మారిపోతాడా? ఉతకాల్సిన బట్టలకొక జాబితా, ఉతికిన బట్టలకొక జాబితా, ఇంటికి ఫోన్ చేస్తే ఎవర్ని ఏ వరసలో పలకరించాలో ఇంకో జాబితా. (ఆ చివరిది ఒకసారి పొరపాటున వాట్సాప్‌లో మా అక్కకే వెళ్ళింది. అందులో తన పేరు నాలుగోది. రెండు వారాలు నాతో మాట్లాడలేదు.) నా గదిలోనే ఉండే హైదరాబాదీ డ్రైవర్ని క్యాంపులో అందరూ చిచ్చా అని పిలిచేవారు. "మియా, నువ్వు చచ్చిపోయేటప్పుడు కూడా సామాన్ లిస్టు రాసుకొనే పోతవ్" అనేవాడాయన, తన వ్యాను తాళాలు ఎక్కడున్నాయో నన్నే అడుగుతూ.

మా ఆఫీసు గోడకు ఏదో రంగుల దుకాణం వాళ్ళిచ్చిన క్యాలెండరు ఉండేది. మార్చి నెల బొమ్మ అంగ్‌కోర్ వాట్. పేజీ తిప్పే తీరిక ఎవరికీ లేక మాకు ఏడాదంతా మార్చి నెలే నడిచింది. అలా రోజూ చూసీ చూసీ, సున్నం లేకుండా రాయి మీద రాయి కూర్చిన ఆ గోపురాల అతుకుల్లో, సందులు కొలిచే నా పల్చటి రేకు దూరుతుందా లేదా అన్నది నాకొక తీరని బెంగ అయిపోయింది. (వెన్నెల్లో ఆ గుడిని చూడాలని కోరుకునేవాళ్ళుంటారు. నేను రేకు దూర్చాలని కోరుకున్నాను.) ఈద్ సెలవులకు ఓవర్‌టైం బదులు వచ్చిన నాలుగు రోజులు కలిపి, ఆ గుళ్ళ పక్కనే ఉన్న సియెమ్ రీప్ ఊరికి టికెట్టు తీసుకున్నాను. మూడు రోజుల్లో ఇరవై మూడు గుళ్ళు. ఏ గుడికి ఎన్ని నిమిషాలో పట్టిక కూడా వేశాను.

చిక్కల్లా ఆ దేశం పేరుతో వచ్చింది: కంబోడియా. అప్పటికి నెల కిందటే జగిత్యాల దగ్గర ఒక ఊళ్ళో నాకు పెళ్ళి ఖాయమైంది. కాబోయే మామ కల్లుగీత మనిషి, ముప్పై ఏళ్ళుగా తాళ్ళెక్కుతున్నవాడు. ఆ మధ్యే ఫోన్‌లో అన్నాడు: "మా ఊరి పిలగాడొకడు కంప్యూటర్ నౌకరని కంబోడియా పోయి ఇర్కిండు బిడ్డా. పాస్‌పోర్టు గుంజుకొని, దొంగ ఫోన్లు చేయిస్తున్నరట. నువ్వు నయం, దుబాయిల ఉన్నవ్. నిమ్మలం." (నేను ఉండేది బహ్రెయిన్‌లో. మా వైపు వాళ్ళకు గల్ఫంతా దుబాయే.) ఆ చెవిలోనే ఇప్పుడు నేను కంబోడియా పోతున్నానని ఎలా చెప్పడం? పోయినవాడు దొంగైనా కావాలి, దొంగల చేతిలోనైనా పడాలి. రెంటిలో ఏదైనా సంబంధం ఖలాస్. ఆ సంబంధం పోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. పెళ్ళిచూపుల్లో నా జేబులోంచి పడిన ప్రశ్నల జాబితాను ఆ అమ్మాయి తీసి, చదివి, "ఆరోది అడగడం మర్చిపోయిన్రు" అని తిరిగి ఇచ్చింది. అలాంటి మనిషి మళ్ళీ దొరకదని నాకు ఏ జాబితా లేకుండానే తెలిసింది.

"సీదా చెప్పెయ్ నా, ఘూమ్‌నే పోతున్న అని. చోరీకి పోతున్నవా ఏంది?" అన్నాడు చిచ్చా. నేను వినలేదు. బాగా ఆలోచించి, అబద్ధం లేని అబద్ధమొకటి తయారుచేసి మామకు ఫోన్ చేశాను. "సెలవుల్ల గుడికి పోతున్న మామా. విష్ణుమూర్తి గుడి. చాన పెద్దది." అవతల ఫోను చేతులు మారింది. "దుబాయిల విష్ణుమూర్తి గుడా!" అత్తమ్మ గొంతు. "మంచిగాయె బిడ్డా! మా అందరి పేర్ల మీద అర్చన చేయించు. ప్రసాదం మర్వకు." పది నిమిషాల్లో కాబోయే ఆవిడ నుంచి వాట్సాప్‌లో పదకొండు పేర్లు వచ్చాయి, వరస సంఖ్యలతో సహా. కింద ఒక ముక్క: "ఏ గుడో పేరు చెప్పలేదు." చూసి చూడనట్టు ఊరుకున్నాను.

అంగ్‌కోర్ వాట్ పడమటి ద్వారంలో నిజంగానే ఎనిమిది చేతుల విష్ణుమూర్తి నిలబడి ఉన్నాడు, కాషాయ బట్ట కప్పుకుని. ముందు అగరుబత్తులు వెలుగుతున్నాయి. పూజారి లేడు, అర్చన టికెట్టు కిటికీ అసలే లేదు. పక్కన చాప మీద గుండు చేయించుకున్న ముసలమ్మ ఒకామె తెల్లబట్టల్లో కూర్చుంది. ఆమె ఎదుట కూలబడి, ఫోన్ తీసి, పేర్లన్నీ గట్టిగా చదివాను. ఒక్కో పేరుకూ ఆమె తలూపింది, వేలు మడిచింది. చదవడం అయ్యాక నా చెయ్యి పట్టుకుని ఎర్రదారం కట్టింది. లేవబోతే మళ్ళీ కూర్చోబెట్టింది. రెండోది కట్టింది. మూడోది... పేరుకొక దారమని అర్థమయ్యేసరికి అవి మోచేతి దగ్గరికి వచ్చాయి. వెనక వరసలో నిలబడిన వాళ్ళు నన్నేదో పెద్ద ఆపదలో ఉన్నవాడిని చూసినట్టు చూశారు. (తర్వాత బహ్రెయిన్ విమానాశ్రయంలో నన్ను చూసి చిచ్చా అడిగాడు: "మియా, గుడికి పోయినవా, ఆపరేషన్‌కు పోయినవా?") నా పట్టికలో ఆ గుడికి రాసిన నిమిషాల్లో సగం ఆమె చాప మీదే అయిపోయాయి. అయినా రేకు తీశాను. చాలాచోట్ల దూరలేదు. యార్డులో కూడా అంత సంబరపడలేదెప్పుడూ.

ఇక ప్రసాదం. లడ్డూ లేదు, పులిహోర లేదు. మూడో రోజు దూరంగా ఉన్న ఎర్రరాతి గుడి చూసి వస్తుంటే, దారి పక్క పెద్ద పెద్ద బాండీల్లో ఆడవాళ్ళు ఏదో కాచి, బిళ్ళలు పోసి, ఆకులో చుట్టి అమ్ముతున్నారు. నోట్లో వేసుకుంటే బెల్లం. దేవుడి ఊరి బెల్లం ప్రసాదం కాకుండా పోతుందా? పొట్లాలు కొని, గదిలో కూర్చుని వాటి మీది 'కంబోడియా' స్టిక్కర్లు ఒక్కొక్కటే గోటితో గీకేశాను. 'ఆధారాలు తొలగించుట' అన్న వరుసకు ఎదురుగా టిక్కు పెట్టుకున్నాను.

పెళ్ళికి పది రోజుల ముందు ఇంటికొచ్చి, ప్రసాదం పట్టుకుని మామ వాళ్ళింటికి పోయాను. అత్తమ్మ పొట్లాన్ని కళ్ళకద్దుకుని మామ చేతికిచ్చింది. ఆయన వెంటనే విప్పలేదు. ముందు ఆకును వేళ్ళతో నలిపాడు, వాసన చూశాడు. తర్వాత బిళ్ళ కొరికి కళ్ళు మూసుకున్నాడు.

"ఇది తాటిబెల్లం" అన్నాడు. "ఇది తాటాకు. అల్లుడా, దుబాయిల ఖర్జూరం చెట్లుంటయ్ గని, తాళ్ళెక్కడియి?"

స్టిక్కరు గీకిన వెల్డింగ్ ఇన్‌స్పెక్టరుకు ఆకు కనబడలేదు! నా ముందు జాగ్రత్తల జాబితాలో టైము తేడా ఉంది, సిమ్ కార్డు ఉంది, బహ్రెయిన్‌లో పడని వాన ఫోన్‌లో వినబడితే ఏం చెప్పాలో ఉంది. తాటిచెట్టుతో ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి నాలుక మాత్రం లేదు. గడపలో ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఇక ఆమె ముందు మరో అబద్ధం అల్లడం నా వల్ల కాలేదు.

"కంబోడియా పోయిన మామా. గుడి సూడనీకే. మీరు భయపడ్తరని చెప్పలే."

అత్తమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ పొట్లం పక్కన పెట్టాడు. "పాస్‌పోర్టు నీ దగ్గరనే ఉన్నదా?" అన్నాడు. తీసి చూపించాను. ఒక్కో పేజీ తిప్పి చూశాడు, ఏదైనా చిరిగిందేమోనన్నట్టు. మూసి, నా జేబులో తనే పెట్టాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్తే మేం వద్దంటుంటిమా? నీకేమన్న అయితే మాకు తెలుసుడెట్ల? ఏడని దేవులాడాలె?" కోపమంతా అంతే. దానికంటే తిట్టినా బాగుండేది.

పొట్లంలోంచి ఇంకో బిళ్ళ తీసుకుంటూ ఆయనే అడిగాడు: "ఆడ తాళ్ళెట్ల ఎక్కుతరు? నడుముకు కట్టుకునే మోకు ఉంటదా?"

నాకు తెలీదు. ఇరవై మూడు గుళ్ళ కొలతలు చెప్పగలను. తాటిచెట్టు చూసిన గుర్తే లేదు. ఫోన్ ఇచ్చాను. నాలుగొందల ఫోటోలు. మామ ఒక్కో గోపురాన్నీ వేలితో పక్కకు తోసి, మూలకు పెద్దది చేసి చూడడం మొదలుపెట్టాడు. "ఇగో తాడిచెట్టు! ఇగో ఇంకోటి!" ప్రతి ఫోటోలోనూ ఉన్నాయి. చివరికి ఒకచోట ఆగాడు. "సూడు, వెదురు గడ కట్టిన్రు చెట్టుకు. గడ కణుపుల మీద కాలు పెట్టి ఎక్కుతరు. మోకే లేదు! ఏం తెలివి!" ముఖం విప్పారింది. "పెండ్లైనంక నన్ను గూడ తోల్కపోవాలె" అన్నాడు. సంబంధం నిలబడిందని నాకు అలా తెలిసింది. అమ్మాయి మాత్రం నా పట్టిక కాగితం అడిగి తీసుకుని, పెన్నుతో అడుగున ఏదో రాసి మడిచి ఇచ్చింది.

ఇప్పుడు మేం బహ్రెయిన్‌లోనే, రిఫాలో ఉంటున్నాం. పోయిన వారం మామ ఫోన్ చేశాడు. "పాస్‌పోర్టు అచ్చింది అల్లుడా. ఎవ్వడు గుంజుకపోకుంట నడుముకు కట్టుకుంట." టికెట్ల కోసం కూర్చుంటూ ఆ పాత కాగితం వెతికి తీశాను. ఇరవై మూడు వరుసలు, ఇరవై మూడు టిక్కులు, నిమిషం తేడా రానీయని ఆ కుర్రవాడి ముత్యాల్లాంటి అక్షరాలు. పాపం, ఎంత కష్టపడ్డాడో ఏమీ చూడకుండా రావడానికి! అడుగున మా ఆవిడ చేతి రాత: "24. తాటిచెట్లు." నిమిషాలు రాయాల్సిన గడిలో, "నాన్న చాలు అనేదాకా."