మేనత్త పాడిన నాలుగో చరణం

మొన్న శుక్రవారం భువనగిరి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, గా పాట చివరి చరణం ఒక్కసారి పాడవా, పిల్లకు నేర్పాలె" అంది. పాడాను. ఫోన్ పెట్టేశాక కూడా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునే ఉన్నాయి. ఆ చరణం నాకెలా వచ్చిందో దానికి ఎప్పుడూ చెప్పలేదు.

హుజూర్‌నగర్‌లో యూదులమని చెప్పుకునేది మా ఒక్క ఇల్లే. తాతలు కృష్ణ దాటి వచ్చారట. ఊళ్లోవాళ్లు మమ్మల్ని ఏదో కొత్తరకం కిరస్తానీలనుకునేవారు. నాయిన విడమరిచి చెప్పీ చెప్పీ విసిగి, "సరే, గట్లనే అనుకోండ్రి" అని చాయ్ తాగేవాడు. హీబ్రూ చదవడం మాలో ఎవరికీ రాదు. మా మతమంతా మాకు పాటగానే వచ్చింది. శుక్రవారం పొద్దుగూకే వేళ మాతోనే ఉండే మేనత్త మా విశ్రాంతి దినమైన సబ్బాతుకు దీపాలు రెండు వెలిగిస్తే, నాయిన ఆ హీబ్రూ పాట ఎత్తుకునేవాడు. మూడు చరణాలకు మేమూ గొంతు కలిపేవాళ్లం. నాలుగోది ఆయనొక్కడే పాడేవాడు, సగంలో ఒకసారి పొడిగా దగ్గి. నేర్పమంటే, "తొందరేంది బిడ్డా, నేనేడికి పోత?" అనేవాడు. తెలంగాణ వచ్చిన మరుసటేడు పోయాడు. మేనత్తనడిగితే, "మా అన్న నాకెన్నడు నేర్పలే" అని ఏడ్చింది.

రెండేళ్లకు మేనత్తకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. దవాఖాన నుంచి తెచ్చాక మమ్మల్నీ గుర్తుపట్టలేదు. ఆ శుక్రవారం దీపాలు నేనే పెట్టి, మూడు చరణాలు పాడి, ఎప్పటిలాగే ఆగాను. మంచం మీద నుంచి నాలుగోది మొదలైంది. పెదవులు మేనత్తవే. గొంతు మాత్రం మగగొంతు. సగంలో ఆగి, పొడిగా దగ్గి, మళ్లీ అందుకుంది. గోడ అవతల నుంచి, మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దావిడ కేకేసింది: "అరే బేటీ, మీ నాయిన గొంతు ఇనబడుతాందేంది?"

వీధిలోకి పరిగెత్తాలనిపించింది. పరిగెడితే ఈ చరణం మళ్లీ దొరకదు. కూచుని, వినబడింది వినబడ్డట్టు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. అలా మూడు శుక్రవారాలు పాడింది. నాలుగో శుక్రవారం ఎంతసేపు ఆగినా పాడలేదు, రెప్ప వేయకుండా నన్నే చూస్తూ ఉంది. ఆ చరణం నేనందుకున్నాను. పూర్తయ్యాక మేనత్త కళ్లు మూసుకుంది. ఆమె నిద్రపోయిందనుకుని దుప్పటి కప్పబోతే, చెయ్యి అప్పటికే చల్లగా ఉంది.

మాట పోయినా, చిన్నప్పుడెప్పుడో విన్న పాట మిగులుతుందని డాక్టరు చెప్పాడు. నిజమే అయ్యుంటుంది. దగ్గు సంగతి ఆయనకు చెప్పలేదు. పోయినవాళ్లకు కాలం చెల్లిందంటాం గానీ, వాళ్లు అప్పజెప్పాల్సింది మిగిలుంటే కాలం వాళ్లకు కొంచెం గడువిస్తుందేమో.