మా రిత్విక్ ఎత్తు బంగారం

దొరకని ఒక పేజీ కోసం ఇది రాస్తున్నాను. మా అబ్బాయి పెరగడం లేదని భయపడిన రోజుల్లో బోధన్‌లోని గ్రంథాలయానికి వెళ్లి, పిల్లల పెంపకం అరలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. పోషకాహార లోపం గురించి ఉన్నాయి, జబ్బుల గురించి ఉన్నాయి. ఏ జబ్బూ లేకుండా, ఆడుతూ గెంతుతూ, మెల్లగా మాత్రమే పెరిగే పిల్లవాడి గురించి ఒక్క పేజీ కనబడలేదు. నేను పదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాత చదివినదంతా ఆ గ్రంథాలయం చదివించిందే. అక్కడ నాకు దొరకనిది ఇంకో తల్లికైనా దొరకాలి.

మాది కోటగిరి దగ్గర పల్లె. నిజాంసాగర్ కాలువ కింద వరి, కొంచెం చెరకు. మా ఆయన రవీందర్ ట్రాక్టర్ మీద చెరకు తోలుతారు. ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ లచ్చవ్వ, మా ఒక్కగానొక్క కొడుకు రిత్విక్.

ఏదో తేడాగా ఉందని నాకు మొదట తోచింది ఆసుపత్రిలో కాదు, బోధన్‌లో ఒక బెల్లం దుకాణంలో. మా వైపు సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటారు. పిల్లల ఎత్తు బంగారం మొక్కుకున్నవాళ్లు జాతరకు ముందు పిల్లవాణ్ణి కాంటాలో కూర్చోబెట్టి, వాడెంత తూగితే అంత బెల్లం కొని తల్లులకు ఇస్తారు. రిత్విక్ కడుపులో ఉన్నప్పుడే అత్తమ్మ మొక్కింది, చిన్నతనమంతా జాతర జాతరకూ మనవడి ఎత్తు ఇస్తానని. జాతర రెండేళ్లకొకసారి వస్తుంది. మొదటిసారి వాడికింకా ఏడాది నిండలేదు. అప్పుడు తూకం వేయించింది అత్తమ్మే. నేను పక్క దుకాణంలో కొబ్బరికాయలు కొంటున్నాను. పది కిలోల బంగారం తూగిందని వచ్చి చెబితే మురిసిపోయాను.

రెండోసారికి వాడికి మూడేళ్లు కావస్తున్నాయి. ఈసారి నేనే ఎత్తుకుని వెళ్లాను. చలికాలం కాబట్టి వాడి ఒంటి మీద స్వెటర్, టోపీ ఉన్నాయి, కాళ్లకు వెండి కడియాలున్నాయి. పిల్లల బరువు ఒట్టి ఒంటితో చూడాలని నేను చదివాను. అన్నీ విప్పడం మొదలుపెట్టాను.

"ఉండనీ బిడ్డా, ఎందుకు ఇప్పుతున్నవ్? తల్లికి తక్కువైతది," అంది అత్తమ్మ.

"తూకమంటే సరిగ్గా ఉండాలె గద అత్తమ్మా."

ఎలక్ట్రానిక్ కాంటా పదిన్నర చూపించింది. పోయిన జాతరకు ఎంతని దుకాణదారు అడిగితే పది అన్నాను.

"రెండేండ్లల్ల అర కిలోనా?" అని ఆయన నవ్వాడు. "పిలగానికి బువ్వ పెడ్తున్నరా, లేకుంటే బెల్లం ఎక్కువ కొనాల్సొస్తదని ఎండబెడ్తున్నరా అక్కా?"

చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. ఇంకో పెద్ద బెల్లం దిమ్మె అడిగి తీసుకుని సంచిలో వేసుకుంది. నా మీద అలిగిందనుకున్నాను. నాకు మాత్రం అప్పటినుంచి 'అర కిలో' అన్న మాటే చెవిలో తిరుగుతూ ఉంది.

అప్పటిదాకా వాడు చిన్నగా ఉంటాడని తెలుసు గానీ దాన్ని జబ్బుగా అనుకోలేదు. ఇప్పుడు కళ్లు వేరేగా చూడసాగాయి. స్నానం చేయిస్తూ పక్కటెముకలు తడిమేదాన్ని. అంగన్‌వాడీకి వెళ్తే, వాడికంటే చిన్న పిల్లలు వాడి తల మీదుగా చూస్తున్నట్టు అనిపించేది. ఎరువుల దుకాణంలో, రేషన్ దుకాణంలో, ఎక్కడ కాంటా కనబడితే అక్కడ ఎక్కించేదాన్ని. ఒక్కో కాంటా ఒక్కో మాట చెప్పేది. అయినా ఆగలేకపోయేదాన్ని.

బోధన్‌లో పిల్లల డాక్టర్‌కు చూపించాం. "ఏడాది లోపు పది కిలోలు, ఇప్పుడు పదిన్నర," అని నేనే చెప్పాను. ఆయన పిల్లవాణ్ణి అంతా పరీక్షించి, నా వైపు చూసి, "కచ్చితంగా పదేనా అమ్మా?" అన్నారు. కచ్చితంగా అన్నాను. "అలాగైతే ఫెయిల్యూర్ టు థ్రైవ్ కింద చూడాలి, అంటే ఎదుగుదల సరిగ్గా లేదని. నిజామాబాద్ వెళ్లండి," అని చీటీ రాసిచ్చారు.

ఆ మూడు ఇంగ్లిష్ ముక్కలు పట్టుకుని గ్రంథాలయానికి పరుగెత్తాను. గ్రంథాలయం చూసుకునే యాదగిరి గారు వైద్య నిఘంటువు తీసి ఇచ్చారు. గుండె, మూత్రపిండాలు, పేగులు, థైరాయిడ్, ఏ పేజీ తెరిచినా మా వాడే కనిపించాడు. సాయంత్రం అవన్నీ చెబుతుంటే మా ఆయన ట్రాక్టర్ దిగకుండానే విన్నారు.

"నువ్వు సదువుడు ఆపుతవా? ఇంకొక్క పేజీ అయితే నాగ్గూడ ఏదో ఒకటి అంటుకునేటట్టున్నది," అన్నారు.

"మీకు నవ్వులాటగా ఉన్నది."

"నవ్వుతలేను. గా సూడు, కుక్కపిల్లెంట ఎట్ల ఉరుకుతున్నడో. రోగమున్నోడు గట్ల ఉరుకుతడా?"

వాడు పరుగెత్తేవాడు, మాటలు గలగలా చెప్పేవాడు, రోజంతా కాలువ గట్టు మీద ఆడి అలిసేవాడు కాదు. అది నాకు ధైర్యం కావలసింది, కాలేదు. తినిపిస్తే పెరుగుతాడని తినిపించడం మొదలుపెట్టాను. నెయ్యి వేసిన పప్పన్నం, గుడ్డు, అరటిపండు, పాలల్లో కలిపే డబ్బాపొడి. మొదట తిన్నాడు. తర్వాత నోరు మూశాడు. చేతులు పట్టుకుని చెంచా నోట్లోకి తోస్తే కక్కాడు. కొన్నాళ్లకు కంచం చప్పుడైతే చాలు, మంచం కిందికి దూరేవాడు. అత్తమ్మ పిలిస్తే బయటికి వచ్చేవాడు, నేను పిలిస్తే రాడు. బరువు పెంచాలనుకున్నదాన్ని, ఉన్నదీ తగ్గించాను.

నిజామాబాద్‌లో డాక్టర్ పద్మజ గారు ఓపికగా చూశారు. రక్తం, మూత్రం, మలం, థైరాయిడ్, గోధుమ పడని సీలియాక్ జబ్బు కోసం టీటీజీ పరీక్ష, ఎడమ చేతికి ఎక్స్‌రే. మొదటిసారి తీసిన రక్తం చాలలేదని మళ్లీ సూది గుచ్చారు. ఆ తర్వాత తెల్ల కోటు కనిపిస్తే వాడు నా మెడ వదిలేవాడు కాదు.

రిపోర్టుల రోజు అత్తమ్మ కూడా వస్తానంది. మా ఆయన బయట రిత్విక్‌ను ఆడిస్తుంటే మేమిద్దరం లోపలికి వెళ్లాం. డాక్టరమ్మ ఒక్కో కాగితం చూసి పక్కన పెట్టారు. "అన్నీ నార్మల్. బోన్ ఏజ్, అంటే ఎముకల వయసు, ఒక్కటే అసలు వయసు కంటే ఏడాది వెనక ఉంది. ఇది చాలామంది పిల్లల్లో ఉంటుంది, దానికి నేను భయపడను. కానీ రెండేళ్లలో అర కిలో అంటే నాకు అంతు చిక్కట్లేదు. హైదరాబాద్ పంపిస్తాను. మత్తు ఇచ్చి ఎండోస్కోపీ చేసి పేగు లోపల చూడాల్సి రావచ్చు."

ఆమె చీటీ రాస్తూ, "ఇంతకీ ఆ పది కిలోలు ఏ ఆసుపత్రిలో చూశారు?" అని అడిగారు.

"ఆసుపత్రిలో కాదు మేడమ్. జాతర బంగారం తూచినప్పుడు."

నా వెనక నిలబడ్డ అత్తమ్మ అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. కొంగు తీసి ముందుకు వచ్చింది.

"గా పది కిలోలు పిలగాడొక్కడే గాదు డాక్టరమ్మా."

డాక్టరమ్మ పెన్ను ఆగింది.

"ఉన్ని అంగి ఉండె. టోపి, కడియాలు, మొలకు ఎండి గొలుసు, అన్ని ఉండె. అప్పుడు తక్కెడ కాంటా. పిలగాడున్న పళ్లెం మీద నేను చెయ్యేసి జరంత ఒత్తిన."

"ఎందుకమ్మా?"

"తల్లికిచ్చేకాడ తక్కువ తూగుతదా? మా అత్త నేర్పింది గదే. మొక్కు తూకమంటే అందరు ఒత్తుతరు." తర్వాత నా వైపు తిరిగింది. "ఈసారి నువ్వేమో అన్ని ఇప్పేస్తివి. కొత్త కాంటాను దుకాణపాయన ముట్టనియ్యలే. గందుకే ఇంకో దిమ్మె కొన్న. అలిగి గాదు."

డాక్టరమ్మ నవ్వలేదు. టీకాల కార్డు ఉందా అని అడిగారు. సంచిలోనే ఉంది. తొమ్మిదో నెల టీకా నాటి బరువు ఏడు కిలోల చిల్లర. అంగన్‌వాడీ కాంటా తప్పనుకుని నేను పక్కన పెట్టిన బరువులు కూడా గుర్తున్నవి చెప్పాను. ఆమె గ్రోత్ చార్ట్ మీద చుక్కలు పెట్టి నా ముందుకు జరిపారు. చుక్కలన్నీ అట్టడుగు గీత దగ్గరే ఉన్నాయి. కానీ ఒకదాని తర్వాత ఒకటి, ఆ గీత వెంటే పైకి పోతున్నాయి.

"కింద ఉన్నాడు, నిజమే. ఆగిపోలేదు," అన్నారు. "నాన్న చిన్నప్పుడెలా ఉండేవారు?"

"గిట్లనే," అంది అత్తమ్మ. "పదో తరగతి దాక బడిల ముందు వరుసల నిలవడ్డడు. బండెక్కాలంటే ఎత్తి కూసోపెడ్తుంటి. అందరు పొట్టోడా పొట్టోడా అంటుండ్రి. గా తర్వాత ఒక్కతీర్గ లేసిండు. ఇప్పుడు తలకు దర్వాజ తల్గుతది."

డాక్టరమ్మ చీటీ మడిచి చెత్తబుట్టలో వేశారు. "దీన్ని కాన్‌స్టిట్యూషనల్ డిలే అంటాం. జబ్బు కాదు, వాడి వేగం అది. కానీ నా మాట నమ్మి ఊరుకోకండి. ఆరు నెలలకోసారి తీసుకురండి. ఎత్తు ఆగిపోతే అప్పుడు హైదరాబాద్ సంగతి చూద్దాం. ఇంకొకటి. చెంచా కింద పెట్టేయండి. వాడి చేత్తో వాణ్ణే తిననివ్వండి."

అన్నిటికంటే కష్టమైన మందు అదే. మొదటి వారాల్లో వాడు రెండు ముద్దలు తిని లేచిపోతుంటే నా చెయ్యి నాకు తెలియకుండానే కంచం వైపు పోయేది. ఇప్పుడు వాడు తింటుంటే నేను గోడ వైపు తిరిగి బట్టలు మడుస్తాను. ముద్దలు లెక్కపెట్టకుండా ఉండాలంటే అదొక్కటే దారి. వాడు మంచం కిందికి దూరడం మానేశాడు. ఒక రోజు తన కంచం ఎత్తుకుని వచ్చి, "అమ్మా, నువ్వు గూడ తిను," అని నా నోట్లో ముద్ద పెట్టాడు.

ఇప్పుడు వాడికి నాలుగు దాటాయి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ఇప్పటికీ, "రెండేండ్లా?" అని అడుగుతారు. ఆరు నెలలకోసారి డాక్టరమ్మకు చూపించే రోజు దగ్గరపడితే మళ్లీ పక్కటెముకల మీదికి చెయ్యి పోతుంది. చుక్క ఇంకా ఆ గీత వెంటే ఉంది.

నేను చెప్పగలిగే సలహా ఒకటే. బిడ్డను ఎప్పుడూ ఒకే కాంటా మీద, పలుచని బట్టలతో తూచండి. డాక్టరుకు అంకె చెప్పేటప్పుడు అది ఎక్కడ, ఎలా, ఎవరి చేతుల్లో వచ్చిందో కూడా చెప్పండి.

అనుమానంగా ఇంకోసారి అడిగిన బోధన్ డాక్టరు గారికి, రాసిన చీటీని చెత్తబుట్టలో వేసే ఓపిక చూపిన పద్మజ గారికి, నెల నెలా వాడి బరువు చూసే అంగన్‌వాడీ టీచర్ సుజాతకు, నిఘంటువుతో పాటు మంచినీళ్లు కూడా ఇచ్చిన యాదగిరి గారికి, నవ్వుతూనే ప్రతిసారీ ఆసుపత్రికి వెంట వచ్చిన మా ఆయన రవీందర్‌కు కృతజ్ఞతలు. అందరికంటే ఎక్కువగా మా అత్తమ్మ లచ్చవ్వకు. దేవత కోసం కాంటా ఒత్తింది, మనవడి కోసం ఆ మాట డాక్టరు ముందు చెప్పింది.

జాతర మళ్లీ వస్తోంది. ఈసారి తక్కెడ కాంటా ఉన్న దుకాణమే వెతకమని మా ఆయనకు చెప్పాను. స్వెటర్ ఉంటుంది, కడియాలుంటాయి. అత్తమ్మ పళ్లెం మీద చెయ్యి వేసేటప్పుడు నేను కొబ్బరికాయల వైపు తిరిగి నిలబడతాను.