నడిమి కుర్చీకి కావలసిన వయసు

అమ్మమ్మ బట్టలు కుట్టేది. ఎవరి నడుము ఎంతో చూపుతోనే చెప్పేసేది. తన వయసు మాత్రం ఎదుటివాళ్ళ వయసు విన్నాకే చెప్పేది.

ఆ అలవాటుకి కారణం ఒక కుర్చీ. పనుల కోసం తలో దిక్కూ పోయిన తాతయ్యా, ఆయన అన్నదమ్ములూ ఒకప్పుడు ఎవరి చావు దగ్గరో కలుసుకుని, ఒకరి పిల్లల్ని ఒకరు గుర్తుపట్టలేక సిగ్గుపడ్డారు. అప్పటినుంచీ కోతలయ్యాక వచ్చే మొదటి ఆదివారం పాత ఊరి బడి హాల్లో అందరూ కలవాలని కట్టడి పెట్టుకున్నారు. ఆ రోజు అంతా కలిసి దిగే ఫోటోలో నడిమి కుర్చీ వరసలో పెద్దవాళ్ళది కాదు, వయసులో పెద్దవాళ్ళది. ఇరవై రెండేళ్ళు అందులో ఆ అన్నదమ్ముల మేనత్తే కూర్చుంది. ఆవిడ పోయినప్పుడు అమ్మమ్మ నాలుగు కన్నీటి బొట్లు రాల్చి, ఐదోది తుడుచుకుంటూ కుర్చీ సంగతి ఆలోచించింది.

అడ్డం ఒక్కరే, బడిపంతులుగా చేసిన తోటికోడలు. బావగారి భార్య కాబట్టి అక్కా అనక తప్పదు. ఆ మాట అమ్మమ్మ పంటి బిగువునే అనేది. ఆ పంతులమ్మ చీర నలగదు, మాట తడబడదు, పైగా పిల్లలంతా ఆవిడ చుట్టూనే.

ఆ ఏడు ఫోటోకి ముందు పంతులమ్మ మెల్లగా అంది. "నాకు డెబ్భై ఒకటి. రిటైర్మెంటు కాగితం కూడా ఉంది."

"కాగితాల్లేని బతుకులు మావి. నాకు డెబ్భై నాలుగు."

"పోయినేడు అరవై ఎనిమిదన్నావు కదే?"

"అప్పుడు సరిగ్గా గుర్తులేదక్కా."

అందరూ నవ్వారు. కుర్చీ అమ్మమ్మకే వచ్చింది. ఫోటో అయ్యాక ఆవిడ కొంగు దోపుకుని వంటవాళ్ళ వైపు నడవబోతే కోడలు చెయ్యి పట్టుకుంది. "కుర్చీలో కూర్చున్నవాళ్ళు పని ముట్టుకోకూడదత్తయ్యా. మేనత్తగారు ముట్టుకున్నారా ఎప్పుడైనా?"

ఇక హాల్లో అమ్మమ్మ, ఒక దిండు, ఒక గ్లాసు మంచినీళ్ళు. వచ్చినవాళ్ళల్లా చెవిలో అరిచినట్టు "మందులేసుకున్నారా?" అని అడిగి పోయేవాళ్ళు.

వరండాలో నవ్వులు వినిపించాయి. అమ్మమ్మ మెడ సాచి చూసింది. గుమ్మడికాయలు తరుగుతున్న ఆడవాళ్ళ మధ్యలో తనూ ఒక కత్తి పట్టుకుని కూర్చుని, పంతులమ్మ చొక్కా కథ చెబుతోంది. అది అమ్మమ్మ కథ. పెళ్ళైన కొత్తలో బావగారికి తను కుట్టిన చొక్కా కథ. ఏటా తనే చెప్పాలి. పంతులమ్మ తప్పుల తడకగా చెబుతోంది, అయినా జనం ఎక్కువే నవ్వుతున్నారు.

అమ్మమ్మ లేచి వెళ్ళింది. "నేను కుట్టింది రెండు ఎడమ చేతులు, కుడివి కాదు. జరుగక్కా."

"డెబ్భై నాలుగేళ్ళదానివి, నీకెందుకే ఈ శ్రమ?"

"అరవై తొమ్మిది. ఇప్పుడే లెక్కేసుకున్నాను."

"అయితే కుర్చీ నాదేగా?"

"పోయి కూర్చో."

పంతులమ్మ జరిగి చోటిచ్చింది గానీ లేవలేదు. అమ్మమ్మ కత్తి అందుకుని, చొక్కా కథ మొదటినుంచీ ఎత్తుకుంది. మధ్య మధ్యలో అక్కగారి గుమ్మడి ముక్కలు తన ముక్కలకన్నా సన్నగా పడుతున్నాయేమోనని ఓరకంట చూస్తూనే ఉంది.