చదివి వినిపించని వాక్యం

విమానాశ్రయం వచ్చిన మూడేళ్ళకు తొండుపల్లిలో మా గేట్ల షాపుకు తీరిక లేకుండా పోయింది. ప్లాటు కొన్న ప్రతివాడికీ ముందు ప్రహరీ, దానికో ఇనుప గేటు కావాలి. ఇల్లు తర్వాతి సంగతి. కొలతలు, బేరాలు నావి. వెల్డింగు మా బామ్మర్దిది, అంటే నా భార్య తమ్ముడిది. అతను వేసిన అతుకు మీద వేలు పెట్టి రాస్తే ఎక్కడా గరుకు తగిలేది కాదు.

ఆ ఏడే మా షాపు ఎదురు డాబా మీద సెల్ టవర్ లేచింది. నాకు ఒళ్ళు మండింది. ఐదో తరగతితో బడి మానేసినా, డిక్షనరీ ముందు పెట్టుకుని ఇంగ్లీషు పేపరు చదవడం నేర్చుకున్నవాణ్ని నేను. టవర్ కిరణాల గురించి ఏ ముక్క కనబడినా కత్తిరించి దాచేవాణ్ని. పంచాయతీకి అర్జీ మీద అర్జీ పెట్టాను. "జనం ప్రాణాలంటే మీకు లెక్క లేదు" అని ప్రతి అర్జీలోనూ రాశాను.

అంతలో బామ్మర్దికి కళ్ళు తిరగడం మొదలైంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని పట్నం దవాఖానలో ఎడమ రొమ్ము పైన, చర్మం కింద పేస్‌మేకర్ పెట్టారు. విశ్రాంతి రోజులు అయిపోవస్తుండగా, వాళ్ళిచ్చిన చిన్న ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"జర సదువు బావా. డాక్టర్ చెప్పిండు గని సగం సమజ్ కాలే. ఏం పని చేస్తవంటే ఇనుప షాపుల ఉంట అన్న."

"ఇనుము అమ్ముతవనుకున్నడేమో పాపం" అంది నా భార్య.

చదివాను. ఫోను చొక్కా ఎడమ జేబులో పెట్టుకోవద్దు, కుడి చెవికే పెట్టుకోవాలి. ఆ వాక్యం దొరికేసరికి నాకు పట్టపగ్గాల్లేవు. మూడుసార్లు చదివి వినిపించాను.

"చూసినవా? చేతిల ఫోన్‌తోనే గింత ఉంటే, గా టవర్ ఏం జేస్తదో."

"గది సరే బావా. పని గురించి ఏమన్న రాసిండ్రా?"

రాశారు. ఫోను వాక్యం కిందనే ఉంది. వెల్డింగు చేసేవారు ముందుగా డాక్టరును అడగాలి, మిషనుకు దూరంగా ఉండాలి, కేబుల్‌ను భుజానికి వేసుకోకూడదు. మా బామ్మర్ది కేబుల్‌ను ఎడమ భుజం మీద కండువాలా వేసుకుని పని చేసేవాడు. నేల మీద ఈడిస్తే తొడుగు అరిగిపోతుందని చాలామంది చేసే పనే అది. షాపులో నాలుగు గేట్లు సగంలో ఉన్నాయి.

"బరువులు లేపొద్దన్నరు. గంతే" అన్నాను. పుస్తకం మూశాను.

వెల్డింగ్ అన్న మాటకు డిక్షనరీ అక్కర్లేదు.

అతను నా మాట తు.చ. తప్పలేదు. ఫోను కుడి జేబులోకి మార్చాడు. టవర్‌కు వీపు పెట్టి అన్నం తినేవాడు. నా భార్య అతన్ని పహాడీ షరీఫ్ దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించుకొస్తే, ఇదేం మూఢనమ్మకమని నేను వెక్కిరించాను. మళ్ళీ పనిలోకి దిగిన రోజు కేబుల్ సరిగ్గా పేస్‌మేకర్ పెట్టినచోటి ఉబ్బు మీదే పడింది. నేను చూశాను. ఆ తర్వాత ప్రతిరోజూ చూశాను.

ఒకరోజు పొద్దున గేటు చట్రానికి పొడుగు అతుకు వేస్తున్నాడు. రవ్వలు ఆగిపోయాయి. అతను పక్కకు ఒరిగిపోయాడు. కేబుల్ ఇంకా భుజం మీదే ఉంది. ఉరికి స్విచ్ ఆపాను. కాసేపటికి కళ్ళు తెరిచాడు.

"ఏమైంది బావా? టవరేనా?" అన్నాడు.

దవాఖానలో డాక్టరు పరీక్షించి పరికరం బాగానే ఉందన్నాడు. కేబుల్‌లో పారే పెద్ద కరెంటును అది గుండె చప్పుడే అనుకుని తన పని ఆపేసిందట. సిగ్గులేకుండా టవర్ సంగతి కూడా అడిగాను.

"అంత దూరంలో ఉన్న టవర్ దీన్నేమీ చేయదండీ" అన్నాడు. తర్వాత బామ్మర్ది వైపు తిరిగాడు. "వెల్డింగ్ గురించి పుస్తకంలో ఉంది కదా. ఎవరితోనూ చదివించుకోలేదా?"

బామ్మర్ది నా వైపు చూశాడు. వచ్చిన ప్రతి గిరాకీకీ మా బావ ఇంగ్లీషు పేపర్ చదువుతడని గొప్పగా చెప్పుకునే మనిషి.

"మా ఇంట్ల ఎవ్వరికి ఇంగ్లీష్ రాదు సార్" అన్నాడు.

నేనే చదివానని ఆ గదిలో చెప్పలేదు, ఇంటికొచ్చి నా భార్యకూ చెప్పలేదు.

అప్పటినుంచి కొలతలు, బేరాలు అతనివి. వెల్డింగుకు వేరే మనిషిని పెట్టాం. సగం రాసిన అర్జీ ఒకటి బల్ల సొరుగులో దొరికింది. జనం ప్రాణాలంటే మీకు లెక్క లేదు అని అందులోనూ ఉంది, నా చేతిరాతే. చింపేశాను.

అతను ఇప్పటికీ దవాఖాన కాగితాలు నా దగ్గరికే తెస్తాడు. ఎందుకు తెస్తాడో నేను అడగలేదు. పైనుంచి కిందిదాకా ఒక్క అక్షరం వదలకుండా గట్టిగా చదువుతాను.

"గది అచ్చేసిన ప్రెస్సు పేరు బావా, గదెందుకు?" అంటాడు.

అది కూడా చదువుతాను.