చెవి వెనక నిమ్మవాసన

మధ్యాహ్నం మూడయ్యేసరికి నర్సింహమ్మకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు. మూడు నెలల కిందటి దాకా ఆ వేళకు పెరట్లో కట్టెలపొయ్యి మీద నీళ్ళు మరుగుతుండేవి. చేపలమ్మే భర్త అంజిలయ్య బజారు నుంచి రెండున్నరకల్లా వచ్చేవాడు. వచ్చి గడప తొక్కేవాడు కాదు. పక్క సందులోంచి తిన్నగా పెరట్లోకి పోయి, లుంగీ బనీను విప్పి తొట్టిలో పడేసి, ఒకటికి రెండుసార్లు సబ్బు రుద్దుకుని స్నానం చేసేవాడు. తరువాత గడ్డం గీసుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, అద్దం వెనక నుంచి పచ్చసీసా తీసేవాడు. నాలుగు చుక్కలే అనేవాడు కానీ అరచెయ్యి నిండా పోసుకునేవాడు. చెంపలకు, మెడకు, చెవుల వెనక చరచుకుంటే ఆ చప్పుడు వంటింట్లోకి వినిపించేది. చప్పుడు వెనకాలే వాసన వచ్చేది. బత్తాయి తొక్కను ఎవరో కళ్ళ ముందు పిండినట్టు, ముక్కు చెమ్మగిల్లేంత ఘాటు.

ఆ తరువాత అతను వచ్చి ఆమె ముందు నిలబడి మెడ వంచేవాడు.

"జూడు. నీసు వాసన ఏమన్నొస్తున్నదా?"

చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టి, మునివేళ్ళ మీద లేచి, అతని చెవి వెనక ముక్కు ఆనించి చూసేది నర్సింహమ్మ.

"ఏం లేదు. నిమ్మకాయ వాసనే."

"పక్కా?"

"పక్కానే. పో ఇగ."

అప్పుడు డిపో ముందరి హోటల్‌కు చాయ్ తాగడానికి కదిలేవాడు. ఇరవై రెండేళ్ళలో ఈ వరస తప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు ఆ వేళకు పొయ్యి వెలగదు. ఆమె వాకిలి తలుపు దగ్గరికేసి, నిద్ర రాకున్నా కాసేపు గోడవైపు తిరిగి పడుకుంటుంది. గుండె ఆగిపోయి మనిషి ఒక్క పూటలో వెళ్ళిపోతే, ఇంట్లో ఉన్నవాళ్ళకు మూడింటివేళ ఇట్లాగే మిగిలిపోతుంది కాబోలు అనుకునేది. పోయిన ఆదివారం దాకా ఆమెకు ఉన్న దుఃఖం అదొక్కటే.

ఆ ఆదివారం కూరగాయలకని బజారుకు పోయింది. చేపలమ్మే వరస పక్క నుంచి నడుస్తుంటే ఇద్దరు పిల్లగాళ్ళు బండి మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

"గా నిమ్మకాయ పులుసు జాగ ఇంక ఖాళీగనే పెట్టిన్రేందిరా?"

"ఎవడు కూసుంటడు? వాసన బండకు పట్టింది గద!"

ఇద్దరూ నవ్వారు. నర్సింహమ్మ నాలుగడుగులు వేశాక ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. ఖాళీగా ఉన్నది అంజిలయ్య కూర్చునే బండే.

నిమ్మకాయ పులుసు. అంటే వాసన పోలేదని ఊరంతటికీ తెలుసు. నిమ్మకాయ పైన, నీసు కింద, రెండూ కలిసి వస్తాయని అందరికీ తెలుసు. "ఏం లేదు" అని రోజూ చెప్పి, తెల్లచొక్కా తొడిగి, అతన్ని ఆ నవ్వుల్లోకి పంపింది తనే. అతనికి ఆ సంగతి తెలియకపోతే, నమ్మినవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసినట్టు. తెలిస్తే, పెళ్ళాం పూటపూటా అబద్ధమాడిందని ఎరిగే పోయినట్టు. తెలిసి పోయాడా, తెలియక పోయాడా? కూరగాయలు కొనకుండానే సంచి ఊపుకుంటూ ఇంటికి వచ్చేసింది. ఆ వారం అన్నం ముందు కూర్చున్నా అదే, పడుకున్నా అదే.

వాసన తెలియకపోవడం అంజిలయ్యకు పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్ళయిన కొత్తలో అతని ముక్కు ఎంత పదునో నర్సింహమ్మకు తెలుసు. వీధి మొదట్లో ఉండగానే ఇంట్లో ఏం కూరో చెప్పేవాడు. ఆ రోజుల్లో పెద్ద చెరువు ఎండి నెర్రెలిచ్చి ఉండేది. బెస్తవాళ్ళ వలలన్నీ అటకలెక్కాయి. కొందరు తాపీపనికి పోయారు, కొందరు ప్లాట్ల దగ్గర కాపలాకు కుదిరారు. అంజిలయ్య మాత్రం చేపను వదలనన్నాడు. తెల్లవారుజామున మోపెడ్ మీద పట్నం పోయి, గంపల్లో ఐసు వేసి చేపలు తెచ్చి ఇక్కడ అమ్మేవాడు. ఒక వానాకాలం సాగర్ రోడ్డు మీద బండి జారి, తల పోయి కల్వర్టుకు కొట్టుకుంది. పన్నెండు రోజులు దవాఖానలో ఉన్నాడు. ఇంటికి వచ్చినరోజు కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని తలెత్తాడు.

"ఏందే, కూరల ఎల్లిగడ్డ ఎయ్యలేదా?"

ఆమె ఒక వెల్లుల్లి గడ్డ మొత్తం వేసింది. మరునాడు ఊదుబత్తి వెలిగించి ముక్కు దగ్గర పెట్టి చూసింది. కిరసనాయిలు సీసా పెట్టింది. అతను ఊపిరి పీల్చి పీల్చి తలూపాడు, లేదని. ముక్కు నుంచి తలలోకి పోయే నరం తెగిందని, ఇక అతుక్కోదని డాక్టర్ చెప్పాడు.

వ్యాపారానికి దానివల్ల పెద్ద నష్టం కలగలేదు. మొప్పలెత్తి చూసి, కన్ను చూసి, వేలితో నొక్కి చేప తాజాదో కాదో చెప్పగలడు. చెప్పలేనిది తన ఒంటి సంగతి ఒక్కటే. అదీ మొదట్లో అంతగా పట్టించుకోలేదు, కూతురు అనురాధ ఆరో తరగతికి వచ్చేదాకా. బడిలో తల్లిదండ్రులను రమ్మన్నారని, తెల్లవారితే పోవాలని అతను చొక్కా తీసి పెట్టుకుంటున్నాడు. పిల్ల తలుపు దగ్గర నిలబడి జడ కొస నోట్లో పెట్టుకుని అంది.

"బాపు, నువ్వు రాకు. అమ్మను పంపు. నువ్వొస్తె మా దోస్తులు ముక్కు మూసుకుంటరు."

"సరే బిడ్డ," అన్నాడు. అంతే. చొక్కా మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టాడు. ఆ మాట అన్నట్టు అనురాధకు ఇప్పుడు యాది కూడా లేదు. తల్లి ఎన్నడూ గుర్తు చేయలేదు.

రెండు రోజుల తరువాత పట్నం నుంచి చేపల గంపలతో పాటు పచ్చసీసా వచ్చింది. మదీనా దగ్గర సందులో ఒక ముసలాయన అత్తర్ల దుకాణం. అక్కడ ఇరవై సీసాలు మూతలు తీసి చూపించాడట. వాసన తెలియని మనిషి ఎట్లా ఎంచుకున్నాడని నర్సింహమ్మ అడిగింది.

"చేతి మీద పూసుకున్న. ఏది మండితె అది తెచ్చిన. గిది పాత జమానాదంట, మొగోళ్ళదంట. గడ్డం గీసినంక పూసుకుంటె చురుక్కుమంటది. మండుతున్నదంటె పని జేస్తున్నట్టె గద?"

పెళ్ళయ్యాక అనురాధ కొత్తరకం స్ప్రే డబ్బాలు తెచ్చిచ్చేది. అవి చల్లగా తగులుతాయి. "ఉన్నదో లేదో నాకే తెల్వకపాయె," అని పక్కింటి పిల్లలకు పంచిపెట్టేవాడు. ఏడాదికి రెండుసార్లు మాత్రం బస్సెక్కి పోయి పచ్చసీసాలే తెచ్చుకునేవాడు.

మొదటిరోజు అతను మెడ వంచి "జూడు" అన్నప్పుడు ఆమె నిజంగానే చూసింది. నిమ్మ, నారింజ, ఇంకేదో ఎండిన ఆకు వాసన. దానికింద చెవి తమ్మె వెనక, జుట్టు మొదళ్ళలో, అదే పాత నీసు కదలకుండా కూర్చునుంది. ఆమె తల వెనక్కి తీసి అతని ముఖంలోకి చూసింది. పరీక్ష రాసొచ్చిన పిల్లవాడిలా చూస్తున్నాడు. నోటి దాకా వచ్చిన మాట మింగేసి, "ఏం లేదు," అంది. ఒకసారి అన్నాక మరునాడు వేరే మాట ఎట్లా అంటుంది?

పోట్లాడుకున్న రోజుల్లో మాత్రం ఆమె నాలుక ఇంకో రకంగా తిరిగేది. వాసన చూసినట్టే చూసి, "సెంటు వాసనే వస్తలేదు, ఇంకింత పూసుకో," అనేది. ఒకనాడు అట్లా మూడుసార్లు పూయించి పంపితే, షేరింగ్ ఆటోలో డ్రైవర్ తుమ్మి తుమ్మి బండి పక్కకు ఆపాడట. ఆ సంగతి అంజిలయ్యే వచ్చి చెప్పాడు. కోపం నిలుపుకోలేక ఆమె కిసుక్కున నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ పూట పోట్లాట అట్లా తెగిపోయింది.

అన్నీ అంత తేలిగ్గా పోలేదు. కందుకూరులో ఒక చుట్టాల పెళ్ళిలో, బంతిలో అంజిలయ్య పక్కన కూర్చున్న పెద్దమనిషి విస్తరి తీసుకుని అవతలి వరసకు మారాడు. నర్సింహమ్మ ఆడవాళ్ళ వరసలో నుంచి చూస్తూనే ఉంది. బస్సులో వస్తూ అతనే అన్నాడు.

"ఆయనకు ఉబ్బరించినట్టున్నదే. ఫ్యాన్ కిందికి పోయిండు."

ఆమె కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఆనాడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

తరువాత కొన్నేళ్ళకు వానలు పడి చెరువు నిండింది. వలలు అటకలు దిగాయి. పట్నం పోయి తెచ్చే పని తప్పింది. ఉదయాన్నే బెస్తవాళ్ళ సొసైటీ పట్టిన చేపల్లో తన పాలు తెచ్చుకుని బండ మీద కూర్చునేవాడు. నీసు ఇంకా ఎక్కువైంది. పచ్చసీసా ఇంకా తొందరగా అయిపోయేది. అతను మాత్రం హుషారుగా ఉండేవాడు. ఆ హుషారే ఇప్పుడు ఆమెను నిలవనియ్యదు. తెలియకనే కదా అంత హుషారు!

వారం రోజులు ఓర్చుకుని, మళ్ళీ ఆదివారం పొద్దున్నే చేపల బజారుకు పోయింది. అంజిలయ్య పక్క బండ కృష్ణయ్యది. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే వలకు చెరో కొస పట్టినవాళ్ళు. కృష్ణయ్య బొచ్చె చేపను కత్తికి ఎత్తి ముక్కలు కోస్తున్నాడు. కొనేవాళ్ళు కదిలేదాకా ఆమె పక్కన నిలబడింది.

"ఏంది వదినె, గింత పొద్దుగాల? మనిషిని పంపితె నేనే తెచ్చియ్యనా?"

"చేపలకు రాలే, కిష్టయ్యా. ఒకమాట అడుగుత. నా ముఖం జూసి ఉన్నదున్నట్టు చెప్పాలె."

"అడుగు."

"మీ అన్నను ఈడ ఏమని పిలుస్తరు?"

కృష్ణయ్య చెయ్యి ఆగింది. అటూ ఇటూ చూశాడు. "ఎవడు కూసిండు నీ ముందర? పేరు చెప్పు, వాని సంగతి..."

"ఎవడైతేంది. ఆయనకు తెలుసునా, గా పేరు?"

"తెలుసునా?" కృష్ణయ్య నోరు తెరిచి చూశాడు, తరువాత పెద్దగా నవ్వేశాడు. "వదినె, గా పేరు పెట్టుకున్నదే మా అన్న! హోటల్ల ఎవడో బెంచి మీదికెల్లి లేచి దూరం పోతుంటె, 'ఏం పటేలా, నిమ్మకాయ పిండిన పులుసు పడదా నీకు?' అన్నడు. హోటలంత ఒకటే నవ్వుడు. వాడు సిగ్గుపడి మళ్ళొచ్చి పక్కనే కూసున్నడు. ఆనాడు పడ్డది గా పేరు. పదేండ్లు దాటె."

నర్సింహమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకా అడగాల్సింది మిగిలే ఉంది.

"మరి నేను రోజు... ఏం వాసన లేదని చెప్తుంటి."

"గదీ ఎరుకే. తెల్లంగి ఏసుకొని వస్తుంటె ఎనుక రెండు పిల్లులు. 'జూడు కిష్టిగా, మీ వదినె ఏం లేదన్నది, ఇవ్వేమో ఇడుస్తలేవు,' అని నవ్వెటోడు."

"కోపం రాలేదా?"

"నేనే ఒకపారి అడిగిన. అన్నా, పోదని తెలుసు గద, మల్ల ఎందుకు గంత సెంటు, గంత తిప్పల అని." కృష్ణయ్య కత్తివైపు చూస్తూ గొంతు తగ్గించాడు. "ఏమన్నడంటె... 'అరె పిచ్చోడ, పూసుకోకపోతె మీ వదినె దగ్గరికొచ్చి ఎందుకు జూస్తదిరా?' అన్నడు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. కృష్ణయ్య గబగబా నీళ్ళు చల్లి బండ కడిగాడు. కడిగిన బండనే మళ్ళీ కడిగాడు. తరువాత గంపలోంచి ఒక బొచ్చెను తీసి, "కోసిస్త ఆగు," అన్నాడు.

"వద్దు. నేనే కోసుకుంట."

మూడు నెలలుగా ఆ ఇంట్లో చేప వండలేదు. నర్సింహమ్మ పెరట్లో చేపలు కోసే బండ ముందు పీట వేసుకుని, బూడిద అద్ది పొలుసు గీకింది. మొప్పలు తీసింది. ముక్కలు కోస్తూ మధ్యలో రెండుసార్లు ఆగి, కత్తి పట్టిన చెయ్యి మోకాలి మీద పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఏడ్చిందో నవ్విందో చూసినవాళ్ళు లేరు. అబ్దుల్లాపూర్‌మెట్‌లోని అత్తవారింటి నుంచి అనురాధ వచ్చేసరికి పులుసు దించింది.

కూతురు వాకిట్లోనే ఆగి, "చేపల పులుసా!" అని తల్లి ముఖంలోకి వింతగా చూసింది. ఇద్దరూ కంచాలు పెట్టుకుని తిన్నారు. అనురాధ ఇంకోసారి పులుసు పోయించుకుంది.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయిన కూతురు అక్కడి నుంచే కేకేసింది. చేప కోసిన మరుక్షణం ఆ బండను బూడిద పెట్టి తోమి, శీకాయ చల్లి, నాలుగు బకెట్లు కుమ్మరిస్తే తప్ప నర్సింహమ్మ అక్కడి నుంచి లేచేది కాదు. గోడవతలి వాళ్ళకు చేప వండారని తెలియకూడదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి అదే పద్ధతి.

"అమ్మా, బండ గట్లనే ఇడిసిపెట్టినవేంది? పొలుసంత ఎండుకపోయింది. ఈగలొస్తున్నయ్!"

"ఉండనియ్యి."

"నేను కడుగుత, చీపురేది?"

"కడగకు అంటున్న గద." నర్సింహమ్మ పెరటి మెట్టు మీదికి వచ్చి కూర్చుంది.

"వాసనొస్తదే! పక్కింటోళ్ళు ఏమనుకుంటరు?"

"అనుకోనియ్యి. నువ్వొచ్చి కూసో."

అనురాధ చీపురు గోడకు ఆనించి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఎండ బండ మీదికి జరిగింది. మూడు కొట్టినా ఇద్దరూ లేవలేదు.